ఆ సాయంత్రం నా చేతులు

పాస్‌వర్డ్ తప్పు అంటోంది కంప్యూటరు. రికార్డుల విభాగంలో పనిచేసే ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ కొట్టింది, మళ్ళీ తప్పే అంది. "ఒక్క నిమిషం, పైనుంచి ఎవరినైనా పిలుచుకొస్తాను" అని లేచింది. "ఆరేళ్ళు దాచినవాళ్ళకి ఇంకో నిమిషం ఎక్కువా తల్లీ, నెమ్మదిగానే రా" అంది మా చెల్లెలు డెల్ఫీన్, ఆవిడ వీపుకి వినబడేలా. నేను మాత్రం ఆ తప్పుకి లోపల్లోపలే దణ్ణం పెట్టుకున్నాను. తెరుచుకోకపోతే బాగుండు, కరెంటు పోతే బాగుండు, మా మార్లో బెండ్ ఊరిని ఒరుసుకుంటూ పారే మిసిసిపీ పొంగి సిటీ హాలు కింది అంతస్తులోకి వచ్చి ఈ పెట్టెను ఎత్తుకుపోతే ఇంకా బాగుండు. చూసేవాళ్ళకి నేను న్యాయం కోసం వచ్చినట్టుంటుంది. నేను వచ్చింది నేనెలాంటిదాన్నో తెలుసుకోవడానికి. అది తెలియకుండా కూడా మనిషి బతకొచ్చు, బతికాను కదా ఇన్నాళ్ళూ.

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, అరచేతులు పైకి. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి మడతపెట్టి వేళ్ళ కొసలు పొలుసుబారాయి, మణికట్టు మీద ఆవిరి కాల్చిన మచ్చ. ఈ చెయ్యేనా? ఎడమదా? పోలీసు రిపోర్టులో 'నిందితురాలు పిడికిలితో' అని మాత్రమే ఉంది. ఏ పిడికిలో రాసి ఉంటే కనీసం ఒక చేతినైనా నమ్మేదాన్ని. నాకు గుర్తున్నదల్లా కొంచెం. జూన్ నెల, ఇంకా వెలుతురుంది, పెనంలో క్యాట్‌ఫిష్ ముక్కలు వేగుతున్నాయి, వాకిట్లో కారు ఆగిన చప్పుడు, దాని వెనకే ఇంకో కారు, వంటింటి తెర మీద నీలం ఎరుపు దీపాలు తిరగడం. ముందు కారులో డెల్ఫీన్ కొడుకు మాలకై ఉన్నాడు, పందొమ్మిదేళ్ళవాడు, నా చేతి చేపలు తినడానికి వస్తూ. వెనక దీపం ఒకటి వెలగడం లేదని సరిగ్గా మా గుమ్మం ముందే పోలీసులు ఆపారు. పొయ్యి ఆపాను, ఆపానని బాగా గుర్తు, మీట తిప్పిన వేళ్ళ జిడ్డు కూడా గుర్తు. జాలీ తలుపు తోశాను. అక్కడితో సరి. ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు, నోట్లో రక్తపు రుచి, మంచం కడ్డీకి నా చెయ్యి బేడీతో. మధ్యలోది ఎవరో కత్తెరతో కత్తిరించుకుపోయారు. తల మెట్టు అంచుకి తగిలిందన్నారు. బ్రానక్ అనే పోలీసాయన ముక్కు విరిగిందన్నారు. విరగ్గొట్టింది నేనే అన్నారు.

సర్కారు ఇచ్చిన లాయరు కోర్టు వరండాలో నిలబడే మాట్లాడాడు, చంకలో ఎవరెవరివో ఫైళ్ళు. "కొట్టారా?" అన్నాడు. "గుర్తులేదు బాబూ" అన్నాను. "గుర్తులేదంటే కొట్టలేదని కూడా చెప్పలేరుగా. అటు ఇద్దరు పోలీసులు ప్రమాణం చేసి చెబుతారు. ఒప్పుకుంటే జైలుండదు, ఇంటికెళ్ళిపోతారు." మాలకై అప్పటికే ఏడుస్తూ చెప్పాడు, "పెద్దమ్మా, నువ్వు కొట్టలేదు, నువ్వు అలాంటిదానివి కాదు" అని. కానీ వాడికి బేడీలు వేసి కారు బానెట్ మీద బోర్లా పడుకోబెట్టి తల ఎత్తొద్దన్నారట, చెంప ఇనుముకి ఆనించుకుని పడున్నవాడు ఏం చూశాడు? ప్రేమ కొద్దీ అంటున్నాడనుకున్నాను. జడ్జి అడిగితే అవునండీ అన్నాను. ఎందుకన్నానంటే, నాకు నేను తెలుసుననుకున్నాను. మా నాన్న నదిలో సరుకు మోసే బార్జీల మీద పనిచేసేవాడు, నదినుంచి ఇంటికొచ్చిన మొదటి రోజు నవ్వేవాడు, రెండో రోజునుంచి ఏదో ఒక గిన్నె గోడకి తగిలేది. అమ్మ నన్ను చూసి "కళ్ళు నావే గానీ చెయ్యి మీ నాన్నదే వెర్లీన్" అనేది. బళ్ళో డెల్ఫీన్ జడ పట్టి లాగినవాణ్ణి ఒక్కటిచ్చాను, వాడి పెదవి చిట్లింది. ఆ రోజు అమ్మ తిట్టలేదు, నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి నిట్టూర్చింది, అంతే. లాయరు అడిగినప్పుడు జవాబు రావాల్సిన చోట ఆ నిట్టూర్పు వచ్చింది. ఖాళీగా ఉన్న కొంపలో ముందెవరు దూరితే వాళ్ళదే కాపురం.

జైలు లేదు నిజమే. కానీ పోలీసు మీద చెయ్యిచేసుకున్నదానికి పిల్లల బస్సు నడపడానికి లైసెన్సెవరిస్తారు? ఇరవయ్యేళ్ళు నడిపాను ఆ పసుపు బడి బస్సుని, "కూర్చోండి బంగారాలూ, అందరూ కూర్చుంటేనే బండి కదిలేది" అని రోజూ అదే పాట, ఏ మూల ఏ పిల్ల ఏడుస్తోందో అద్దంలో చూడకుండానే తెలిసేది. ఇప్పుడు లాండ్రీలో దుప్పట్లకి కూర్చోమని చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఎవరింటికైనా వెళ్తే వాళ్ళ పసిబిడ్డల్ని ఎత్తుకోవడం మానేశాను, నడుం నొప్పి అనేదాన్ని. ఒకసారి కూరగాయల దుకాణంలో బ్రానక్ ఎదురుపడ్డాడు, యూనిఫాం లేదు, పుచ్చకాయ మీద వేలితో కొట్టి చెవి పెట్టి వింటున్నాడు, ముక్కు కాస్త ఎడమకి తిరిగి ఉంది. కాళ్ళు వాటంతటవే దగ్గరికి తీసుకెళ్ళాయి. "క్షమించండి సార్, మీ ముక్కు, నేను..." అన్నాను. ఆయన నన్ను చూశాడు, పుచ్చకాయని చూశాడు, "అయిందేదో అయింది, పోనీలెండి" అన్నాడు. ఎంత పెద్దమనసు అనుకుంటూ ఇంటికొచ్చాను. వారం రోజులు తేలిగ్గా నిద్రపట్టింది కూడా.

డెల్ఫీన్‌కి చెబితే చేతిలో దువ్వెన విసిరికొట్టింది. దానికి జుట్టు దుకాణం ఉంది, నలుగురైదుగురు ఆడవాళ్ళు ఎప్పుడూ కూర్చుని ఉంటారు, ఒకరి తలకి రంగు పట్టేలోపు మరొకరి జడ. "వాడు నిన్ను క్షమించాడా? వాడా? నీ దెబ్బ నాకు తెలుసక్కా, చిన్నప్పుడు తిన్నదాన్ని. ముక్కు విరిగేంత సత్తా లేదు దాన్లో." ఆ రోజే మొదలుపెట్టింది. పోలీసుల చొక్కా మీద కెమెరా ఉంటుంది, అది తీసిన బొమ్మ జనం సొమ్ముతో తీసిందే, అడిగితే ఇవ్వాల్సిందే అని ఎవరో చెప్పారట. దుకాణంలో అందరూ తలోమాట అందిస్తుంటే అర్జీ కొట్టి పంపింది. అలాంటి వీడియో లేదని జవాబొచ్చింది. మళ్ళీ అడిగితే, ఉంది గానీ విచారణ జరుగుతోంది అన్నారు. విచారణ అయిపోయిందిగా అంటే, అధికారి వ్యక్తిగత గోప్యత అన్నారు. చివరికి కాగితాలు కొన్ని పంపారు, తేదీ తప్ప పైనుంచి కిందిదాకా నల్ల సిరా పూసేసి. డెల్ఫీన్ ఒకటి దీపానికి ఎత్తిపట్టి, "ఇది నాకన్నా నల్లగా ఉందే, వీధిలోకి తీసుకెళ్తే దీన్నీ ఆపి సోదా చేస్తారు" అంది. దుకాణమంతా పగలబడి నవ్వింది. జుట్టు ఆరబెట్టే డ్రైయరు కింద కూర్చున్న ఒకామె మాత్రం నవ్వు ఆపి, "మా తమ్ముడిది కూడా అడగొచ్చా?" అంది. ఆ పక్కామె మొగుడి సంగతి ఎత్తింది. అలా అలా ఆ దుకాణంనుంచి వెళ్ళిన అర్జీలు చూసి ఒక విలేకరి పేపర్లో రాశాడు, అది చదివి యూనివర్సిటీనుంచి మరిసోల్ క్వింటేరో అనే లాయరమ్మాయి వచ్చి, మోకాళ్ళమీద కంప్యూటరు పెట్టుకుని షాంపూ వాసనల మధ్య కూర్చుని నగరం మీద కేసు రాసింది. నగరం తరఫువాళ్ళు వాయిదాల మీద వాయిదాలు తెచ్చారు. ముసలి జడ్జిగారు ఒకాయన ఆఖరికి, "మీరు కాపాడుతున్న రహస్యం ఎవరిది? ఆ మెట్ల మీద పడిన మనిషి అడుగుతోందిగా" అన్నారట, ముందు ఆమెకి చూపించి, ఆమె అభ్యంతరపెట్టకపోతే అందరికీ ఇవ్వాలని ఉత్తర్వు వేశారట. అన్నారట అనే చెబుతున్నాను, ఆ రోజు నేను కోర్టుకి వెళ్ళలేదు. భయం. "నన్నిలా వదిలెయ్యవే, నేను కొట్టే ఉంటే?" అన్నాను డెల్ఫీన్‌తో. అది చేతిలో పని పక్కన పెట్టింది. "కొట్టి ఉంటే కొట్టావని తెలుస్తుంది. ఆ బరువు నీతో పాటు నేనూ మోస్తా. ఏం మోస్తున్నామో తెలియకపోతే ఎలా పట్టుకోవాలో నాకు రాదక్కా."

తలుపు తెరుచుకుంది. పైనుంచి ఎవరో వచ్చి రెండు మీటలు నొక్కి వెళ్ళారు, అంత తేలిక. నగరం తరఫు లాయరు హాల్‌స్టెడ్ కూడా వచ్చి మర్యాదగా తల వంచి గోడవార కూర్చున్నాడు, పిప్పరమెంటు వాసన. మరిసోల్ నా కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "ఇది బ్రానక్ చొక్కా మీది కెమెరా, మిస్ వెర్లీన్. నేనింకా చూడలేదు, ముందు మీరే చూడాలని ఆగాను. వద్దంటే ఆపేద్దాం." వద్దు అనబోయాను. నోరు తెరిచాను కూడా. డెల్ఫీన్ నా పొలుసుబారిన వేళ్ళు తన వేళ్ళలోకి తీసుకుంది, జుట్టు రంగు మరకలున్న వేళ్ళు, చల్లగా ఉన్నాయి, దానికీ భయమే అని అప్పుడు తెలిసింది. పెట్టండి, అన్నాను. మరిసోల్ మీట నొక్కింది.

తెర మీద మా వీధి. ఎంత వెలుతురు! నాకు గుర్తున్నదానికన్నా ఎక్కువ వెలుతురు, ఎదురింటివాళ్ళ గడ్డి మీద నీళ్ళు చిమ్ముతున్నాయి, ఎక్కడో పిల్లల అరుపులు. కెమెరా ఊగుతూ మా మెట్ల వైపు తిరిగింది, జాలీ తలుపు తెరుచుకుంది, ఒకామె బయటికొచ్చింది. పూల గౌను, తలకి గుడ్డ, భుజాన గిన్నెలు తుడిచే తువ్వాలు. ఈవిడా నేను? ఇంత చిన్నగా ఉంటానా? నా తలలో ఉన్న ఆ సాయంత్రంలో నేను గుమ్మం నిండా ఉంటాను, నాన్నలా, అరుస్తూ. తెర మీది ఆవిడ అరవడం లేదు. "మాలకై, నాన్నా, చేతులు స్టీరింగ్ మీదే ఉంచు, అక్కడే ఉంచు, వాళ్ళడిగినదానికి అవునండీ కాదండీ అను, నేనిక్కడే ఉన్నాను" అంటోంది, ఆ గొంతు, దేవుడా, అది నా బస్సు గొంతు, వాన పడే పొద్దున వెనక సీటులో ఏడ్చే పిల్లతో మాట్లాడే గొంతు. "లోపలికి పోండి" అన్నాడు బ్రానక్. "ఇది నా ఇల్లు బాబూ, నా మెట్టు మీదే నిలబడ్డాను, మీ పని మీరు చేసుకోండి" అందావిడ. అటుపక్క రెండో పోలీసు మాలకైని బయటికి లాగి బానెట్ మీదికి తోశాడు, బేడీల చప్పుడు, వాడు పెద్దమ్మా అని అరిచాడు. ఆవిడ ఒక మెట్టు దిగింది. ఇదే. ఇక్కడే. నేను కళ్ళు మూసుకున్నాను. డెల్ఫీన్ గోళ్ళు నా చేతిలో దిగాయి, "చూడు, అక్కా చూడు" అంది.

చూశాను. బ్రానక్ ముందుకొచ్చాడు కాబట్టి తెరంతా నేనే, నా ఛాతీ, నా పూల గౌను, దాని ముందు నా రెండు చేతులు. విప్పి ఉన్నాయి. వేళ్ళన్నీ విడివిడిగా, అరచేతులు బయటికి, బస్సు దగ్గర రోడ్డు దాటుతున్న పిల్లల కోసం అటునుంచి వచ్చే కారుని ఆపినట్టు. "ఆగండాగండి" అంటున్నాను. పక్కనుంచి రెండో పోలీసు మాలకైని వదిలేసి దూకి నా మెడ వెనకనుంచి పట్టబోయాడు, అతని మోచెయ్యి తెరకి అడ్డంగా విసురుగా పోయింది, పైన ఎక్కడో కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడు, బ్రానక్ కేక. నా చేతులు అప్పటికీ అక్కడే ఉన్నాయి, ఇద్దరి మధ్యా, విప్పుకుని. "నా ముక్కురా వెధవా! మోచెయ్యి చూసుకోవద్దూ!" "సారీరా, సారీ, ఈమెని పడుతుంటే..." ఆ తర్వాత ఆకాశం, మెట్లు, ఒక మెత్తని చప్పుడు, అది నా తల. తువ్వాలు మెట్టు మీద పడింది. గౌను మోకాళ్ళపైకి లేచిపోయి, తలగుడ్డ జారి నెరిసిన పాయలు బయటపడి, ఒక పక్కకి ఒరిగి పడుంది ఆవిడ. ఎవరూ గౌను కిందికి లాగలేదు. మాలకై ఏడుపు. కాసేపటికి పెద్ద అధికారి ఒకడు వచ్చాడు, ముగ్గురూ దగ్గరికి చేరారు, ఒక చెయ్యి కెమెరా మీదికి వచ్చి ఏదో నొక్కింది, అక్కడినుంచి మాటలు లేవు, పెదవులు కదలడమే.

ఎవరో వెక్కుతున్నారు. నేననుకున్నాను, కాదు, డెల్ఫీన్. నాకు ఏడుపు రాలేదు, నాకు నవ్వులాంటిదేదో వచ్చింది. పుచ్చకాయ దగ్గర నేను క్షమించమని అడిగిన మనిషికి తెలుసు. తన నోటితోనే తిట్టాడు, తన ముక్కు ఎవరు విరగ్గొట్టారో ఆ ఊరందరికన్నా తనకే బాగా తెలుసు, అయినా పోనీలెండి అన్నాడు. ఆ కోపం రేపటికి వస్తుంది, ఎల్లుండికి ఇంకా ఎక్కువ వస్తుంది, రానీ, దానికి చోటుంది. కానీ ఇప్పుడు ఒళ్ళంతా వేరేదేదో పాకుతోంది, తిమ్మిరెక్కిన కాల్లోకి రక్తం దిగినట్టు, నొప్పీ హాయీ కలిసి. మెట్టు మీద నిలబడి ఒక పిల్లాడికి ధైర్యం చెప్పింది నేనే. అమ్మా, నువ్వు పొరబడ్డావే. చెయ్యి నాన్నది కాదు.

"మిస్ వెర్లీన్, శిక్ష కొట్టేయమని రేపే దరఖాస్తు వేస్తాను" అంది మరిసోల్, చొక్కా చేతితో కళ్ళొత్తుకుంటూ, ఎంత చిన్నపిల్ల! అప్పుడు హాల్‌స్టెడ్ లేచాడు. చెడ్డవాడిలా మాట్లాడలేదు, చావింట్లో మాట్లాడినంత మెల్లగా మాట్లాడాడు. "మీకు చాలా కష్టం కలిగింది, వెర్లీన్ గారూ. నగరం మీ దరఖాస్తుకి అడ్డుపడదు, త్వరగానే అయిపోతుంది, మీ బస్సు లైసెన్సు కూడా. ఒక్కటే విషయం. ఈ దృశ్యంలో మీరున్న స్థితి... ఇది టీవీల్లో, ఫోన్లలో, మీరు నడపబోయే బస్సు పిల్లల చేతుల్లో కూడా పడుతుంది. మీ గోప్యత దృష్ట్యా బయటపెట్టవద్దని మీరే ఒక మాట రాసిస్తే జడ్జిగారు తప్పక మన్నిస్తారు. మీ మంచికే." "ఆయన చెప్పింది నిజమే, ఆ హక్కు మీకుంది. నిర్ణయం మీదే" అంది మరిసోల్ నావైపు చూడకుండా. డెల్ఫీన్ ముక్కు చీదుకుంటూ, "నేనేం మాట్లాడనక్కా, నీ ఒళ్ళు, నీ ఇష్టం" అంది.

పిల్లల చేతుల్లో. ఆ మాట తగిలింది, తగలాలనే అన్నాడు. ఆ మోకాళ్ళు, ఆ జారిన గుడ్డ, చర్చిలో నా వెనక వరుసలో కూర్చునేవాళ్ళ కళ్ళు. లైసెన్సు. పొద్దున్నే ఇంజను వేడెక్కేదాకా చేతులు రుద్దుకోవడం. రాసిచ్చేస్తే ఏం పోయింది, నాకు తెలిసింది కదా, నాకు తెలిస్తే చాలదూ? చాలుతుందేమో. కానీ డ్రైయరు కింద కూర్చుని తమ్ముడి సంగతి అడిగినామె ఉంది, ఆమెకి వచ్చినవి ఇంకా నల్ల కాగితాలే. పెదవులు మాత్రమే కదిలిన ఆ ముగ్గురూ ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నారు. పైగా గోప్యత అంటున్నాడు ఈయన. బ్రానక్ గోప్యత కోసం ఇన్నాళ్ళు దాచారు, ఇక నా గోప్యత కోసం దాచుతారట, ఎవరి పేరు పెట్టినా బీరువా అదే, తాళంచెవి వాళ్ళ దగ్గరే. ఇంతకీ ఆ దృశ్యంలో సిగ్గుపడాల్సింది గౌను లేచిపోయినదా, లేచిన గౌను చూస్తూ నిలబడినవాళ్ళా?

"హాల్‌స్టెడ్ గారూ, మీకు ఆడపిల్లలున్నారా?" అన్నాను. "ఇద్దరండీ." "అయితే ముందు వాళ్ళకి చూపించండి. నేనేమీ రాసివ్వను." ఆయన పిప్పరమెంటు మింగి, "లైసెన్సు విషయం ఆలస్యం కావచ్చు మరి" అన్నాడు. "కానివ్వండి. నేను మంచి డ్రైవర్ని, నాకు ఆగడం తెలుసు." మరిసోల్ ఒక్కసారిగా లేచి నిలబడింది. "అంటే అభ్యంతరం లేనట్టే. అభ్యంతరం లేకపోతే ఈ క్షణంనుంచి ఇది అందరిదీ, ఉత్తర్వులో అలాగే ఉంది, చదివి వినిపించమంటారా సార్?" అక్కర్లేదన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు. రికార్డుల ఆవిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది, కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది, ఎప్పుడొచ్చిందో మొత్తం చూసినట్టుంది. "ఇంకోసారి పెడతావా అమ్మా, మొదట్నుంచీ" అన్నాను. "పెద్దగా పెట్టు, మాటలు వినబడాలి." ఆవిడ వచ్చి కూర్చుంది. "తలుపు వెయ్యమంటారా?" అంది.

"వద్దు, బార్లా తెరిచిపెట్టు."

బయట నడవాలో జనం బారులు తీరి ఉన్నారు, పార్కింగు జరిమానాలు కట్టేవాళ్ళు, ఇంటికి గది వేసుకోవడానికి అనుమతులకొచ్చినవాళ్ళు. మా వీధి వెలుతురు మళ్ళీ తెరమీదికి వచ్చింది, నా గొంతు గదినుంచి నడవాలోకి వెళ్ళింది, "మాలకై, నాన్నా" అంటూ. పెయింటు మరకల చొక్కా వేసుకున్న ఒకాయన వరసలోంచి మెడ చాచి, "ఏం చూస్తున్నారమ్మా అందరూ?" అన్నాడు.

డెల్ఫీన్ కళ్ళు తుడుచుకుని పక్క కుర్చీ ఇవతలికి లాగింది. "మా అక్కని," అంది. "రండి, కూర్చోండి, ఇప్పుడే మొదలైంది."